అమ్మ చెయ్యి మీద డాంబరు

ఎల్లవ్వ ఉండేది మిల్లు కార్మికుల కోసం వరస గదులుగా కట్టిన మా చాల్‌లో, సగం నేలలోకి దిగిన గదిలో. మిల్లు మూతపడ్డాక ఆమె కొడుకు అక్కడే కుట్టుమిషను పెట్టుకున్నాడు. ఏటా వానలకు గోడ చెమ్మగిల్లి గుడ్డలు పాడవుతుంటే, ఈ రోజు బయట మట్టి తవ్వించి గోడకు డాంబరు పూయించాం.

తవ్వుతుంటే పాత సున్నం పూత, గిలాబాలో చిటికెన వేలు లేని చెయ్యి అచ్చు బయటపడింది. ఈ చాల్ కట్టిన కూలి ఆడవాళ్లు పని ముగిసిన రోజు తడి గిలాబాపై చెయ్యి అద్దేవారట. వాళ్లలో రాయి కింద పడి వేలు పోయింది ఎల్లవ్వ తల్లికే.

పాలమూరు నుంచి వచ్చిన మేస్త్రీ రాములు దానికి దండం పెట్టి, అంత మేర వదిలేసి చుట్టూ డాంబరు పూశాడు. మాకందరికీ అదే సబబనిపించింది.

ఎల్లవ్వ వచ్చి, ఆ అచ్చులో తన చెయ్యి కాసేపు ఉంచింది.

“గిదెందుకు ఇడిసినవ్ బిడ్డా?”

“మీ అమ్మ చెయ్యి గదవ్వా, ఎట్ల పూస్తం?”

“గీడికెల్లే పానీ లోపటికొస్తది. లోపటోళ్లు తడువొద్దనే మా అమ్మ గోడ కట్టింది.”

కుంచె తీసుకొని తనే పూసింది.

మా భక్తి వానకు దారి వదిలిందన్నమాట. అయినా ఆ కుంచె నా చేతికిస్తే పూయగలిగేవాణ్ణి కాదు. మీరైతే?