తిరగలి మోతను మించిన పాట

"పొదిలి పంతులు దగ్గర పాట నేర్చుకోబోతున్నావంట గదా, సువార్తమ్మా?"

"లేదు తాతా. ఎవురు చెప్పినారు నీకు?"

ఏసోబు తాతకూ నాకూ నడిచిన ఆఖరి మాటలు ఇవే. నేను ఆడింది అబద్ధం. నేను చెప్తా ఉంటే నా మనవరాలు రూతు రాస్తా ఉంది, అది కూడా రాయమన్నా.

యుద్ధం జరుగుతున్న రోజులు. మాది మార్కాపురం తాలూకా పల్లె, పొదిలికి నడిచి పోయొచ్చే దూరం. అప్పుడు కర్నూలు జిల్లా, పైన మద్రాసు సర్కారు. నా మొగుడు పోయి మూడేళ్లు, చేతిలో ఇద్దరు ఆడపిల్లలు. మిషను కింద నేను బైబిలు స్త్రీని. అంటే ఊరూరికీ పోయి ముందుగా పాట ఎత్తుకోవాల, జనం చేరినాక పాదిరి అయ్యగారు వాక్యం చెప్తాడు. పాట లేకపోతే జనం రారు. జనం రాకపోతే నాకు పని లేదు.

ఆ పాట నేర్పింది ఏసోబు తాత. చుట్టం కాదు, అందరికీ తాతే. కళ్లు కనబడవు. నన్ను తిరగలి ముందర కూర్చోబెట్టి జొన్నలు విసురుతా పాడమనేవాడు. "రాయి మోత నీకు వినబడతా ఉందా? వినబడినంతవరకు గొంతుకు భయం లేదు. దాన్ని మించినావా, నోరు మూసుకో." ఆయన శ్రుతి అంతే.

ఆ ఏడు అయ్యగారు హార్మోనియం పెట్టె తెప్పించినాడు. "ఎండాకాలం ప్రార్థన కూటాలనుంచి పెట్టెతో పాడేవాళ్లకే పని. పొదిలిలో పంతులున్నాడు, పోయి నేర్చుకో" అన్నాడు. పోతే తాతకు ద్రోహం, పోకపోతే పిల్లలకు సంగటి లేదు. వారం రోజులు ఎటూ తేల్చుకోలే. తాతను అడగను భయపడి, ఆయన అడిగితే బొంకి, తెల్లారి పోయినా.

పొదిలి పంతులు చెడ్డోడు కాదు. మొగోళ్లకు నేర్పిన అలవాటు. "ఏందమ్మా, జొన్నలు విసరను వచ్చినావా, పాడను వచ్చినావా? పెట్టె శ్రుతి నీకోసం దిగదు, నువ్వే ఇంకో మెట్టు ఎక్కాల" అని నవ్వినాడు. నేనూ నవ్వినా. పదో రోజుకు గొంతు గీరింది. చెబితే, "కొత్తలో అంతే" అన్నాడు. మరునాడు పొద్దున ఉమ్మిలో నెత్తురు. కాలితో మట్టి కప్పి, మళ్లా పోయి పాడినా. ఆపితే పని పోతుందని భయం, పాడితే గొంతు పోతుందని భయం. నోరు మూసుకోమని చెప్పే మనిషి ఒక్కడే. బొంకినాక ఆయన ముందరికి ఏ మొగంతో పోయేది? ఆయన వీధి మానుకున్నా. కళ్లు లేనోడికి కనబడకుండా దాక్కుని తిరిగినా.

కూటాలకు ముందే తాత పోయినాడు. సమాధి కాడ పాట ఎత్తమని అందరూ నా దిక్కు చూసినారు. నోరు తెరిస్తే రాయిని రాయి గీసినట్టు వచ్చింది. ఇప్పుడు రూతుకు వినబడే ఈ గొంతు ఆనాటిదే.

అయ్యగారు దయ తలచి, చిన్నపిల్లలకు పాటలు నేర్పే పని ఇచ్చినాడు. పెట్టె పక్కనే తిరగలి కూడా వేయించుకున్నా. ఇంకో పంతులు కాడికి పోతామనే వాళ్లను పొమ్మంటా. అయితే నా మొగం మీద చెప్పి పొమ్మంటా. గొంతు గీరిననాడు తిరిగి రాను దోవ ఉండాల గదా.

రూతూ, "లేదు తాతా" అన్నది ఉంచినావా? నా మీద జాలిపడి తీసేసినావేమో. ఉందా? అయితే అక్కడినుంచి చదివి వినిపించు తల్లీ, మెల్లగా.