కోపం లేని మనిషి

వీధిలో వాళ్ళందరి తలలూ చక్కదిద్దే ఆ సెలూన్ మనిషి జుట్టు మాత్రం వెనక ఎప్పుడూ వంకరగానే ఉండేది. కారణం పెద్దదేం కాదు. వెనక ఎవరైనా నిలబడితే అతనికి ఒళ్ళు జలదరిస్తుంది. అందుకని రెండద్దాల మధ్య నిలబడి తన జుట్టు తనే కత్తిరించుకునేవాడు. పక్క కుర్చీ దగ్గర పనిచేసే బావమరిది ఊరుకునే రకం కాదు.

"బావా, నీ తల చూస్తే వచ్చే గిరాకీ కూడా పారిపోతుంది. ఒక్కసారి కూర్చో, నేను సరిచేస్తా."

"నీ నోరు ఆగిన రోజు కూర్చుంటాలే."

ఆ నోరు ఆగిందీ లేదు, ఇతను కూర్చున్నదీ లేదు.

చిన్నప్పుడు వాళ్ళ నాన్న వెనకనుంచే కొట్టేవాడు. ముందు కాస్త అరిచినా నయమే, దాక్కోవడానికి వీలుండేది. చదువుకుంటున్నా, తింటున్నా, ఒక్కోసారి ఊరికే నవ్వుతున్నా వీపు మీద పడేది. అప్పుడు చెవుల దాకా లేచిన భుజాలు మళ్ళీ కిందికి దిగలేదు. తండ్రి పోయి చాలా ఏళ్ళయింది గానీ ఆ కబురు ఇతని ఒంటికి ఇంకా అందినట్టు లేదు. మెడ పట్టేస్తుంది, బీపీ ఎన్ని మాత్రలేసినా దిగదు, నిద్రంటారా, కోడికునుకే. షాపులోకి ఎవరొచ్చినా, వాళ్ళు కుర్చీలో కూర్చునే తీరు చూసి ఏ మూడ్‌లో ఉన్నారో చెప్పేయగలడు. అదంతా తెలివి అనుకునేవారు జనం. సాయంత్రానికి చేతులకన్నా ముందు ఆ కాపలా కాసే కళ్ళే అలిసిపోయేవి.

పెళ్ళి కుదిరిన రోజే ఒట్టు పెట్టుకున్నాడు, ఇంట్లో చెయ్యి ఎత్తను, గొంతూ ఎత్తను అని. మాట మీద నిలబడ్డాడు, ఆ సంగతి ఒప్పుకుని తీరాలి. షాపు కట్టేసి వచ్చి, గోడకు ఆనుకుని కూర్చుని, పెట్టింది తిని, పల్లెత్తు మాట అనకుండా పడుకునేవాడు. ఇల్లంటే ఇంత ప్రశాంతంగా ఉండాలి అనుకునేవాడు పాపం.

ఈమధ్య స్కూలుకెళ్ళే కూతురికి కడుపునొప్పి పట్టుకుంది. మందులు మార్చారు, తిండి మార్చారు. తగ్గినట్టే తగ్గి మళ్ళీ మొదటికొచ్చేది. "నా ఒళ్ళు ఎలాగూ పాడైంది, దీనిదైనా బాగుండాలే," అని భార్యతో అన్నాడు. ఒక రోజు షాపు బావమరిదికి వదిలేసి ముగ్గురూ ఆస్పత్రికి వెళ్ళారు. పరీక్షలన్నింటిలోనూ ఏమీ లేదని తేలింది. డాక్టరమ్మ కాగితాలు పక్కన పెట్టి పిల్లను దగ్గరికి పిలిచింది.

"నొప్పి ఎప్పుడొస్తుంది తల్లీ?"

"సాయంత్రం. నేనూ అమ్మా కబుర్లు చెప్పుకుంటామా, తర్వాత నాన్నొచ్చే టైమవుతుంది. అప్పుడు."

"నాన్న కొడతాడా?"

"లేదు!" పిల్లకి కోపమొచ్చింది. "ఎప్పుడూ కొట్టలేదు. తిట్టడు కూడా. అసలేమీ అనడు. అందుకే కోపమొచ్చిందో లేదో మాకు తెలీదు. మేం చప్పుడు చెయ్యకుండా ఉంటాం."

అతను భార్య వంక చూశాడు. ఆమె కాదంటుందేమో అనుకున్నాడు. ఆమె నేల చూపులు చూస్తూ కూర్చుంది. అతనికి సిగ్గేసింది, ఏడుపొచ్చింది. నాన్నలా కాకూడదని ఇన్నేళ్ళు నోరు కట్టేసుకుని బతికాడు. తీరా చూస్తే ఆ ఇంట్లో ఉన్న భయమే ఈ ఇంట్లోనూ ఉంది.

"మీరు పెద్దగా చెయ్యాల్సిందేం లేదు," అంది డాక్టరమ్మ మెల్లగా. "ఇంటికి రాగానే మీకెలా ఉందో నోరు తెరిచి చెప్పండి. వాళ్ళు ఊహించుకునే పని లేకుండా."

ముప్పొద్దులా మాట్లాడే బావమరిదికైతే అది చిటికెలో పని. ఇతను బస్టాపు దాకా మాటలు వెతుక్కుంటూ నడిచాడు. అక్కడ పిల్ల పక్కన కూర్చుని, ఎలాగో అన్నాడు.

"నాకు నీ మీద కోపం లేదమ్మా. ఎప్పుడూ లేదు. అలిసిపోయి వస్తాను, అంతే."

"సరే నాన్నా," అంది పిల్ల వెంటనే, నవ్వుతూ.

ఆ నవ్వు అతనికి కొత్త కాదు. చిన్నప్పుడు వాళ్ళ నాన్న ఏం చెప్పినా, నమ్మినా నమ్మకపోయినా, తనూ అంతే తొందరగా "సరే" అని అలాగే నవ్వేవాడు.

మర్నాడు సాయంత్రం గుమ్మంలోనే మళ్ళీ చెప్పాడు, కోపం లేదు, మెడ నొప్పి అని. పిల్ల మళ్ళీ "సరే నాన్నా" అంది, అంతే తొందరగా.