తోపుడు బాబాయ్ గారి సైకిలు దారి

మా మునిసిపాలిటీ ప్లానింగు సెక్షనులో పాతికేళ్ళు పనిచేసిన తోపుడు బాబాయ్ గారికి ఒక సైకిలు ఉండేది. ఆ సైకిలు మీద ఆయన్ని చూశామని చెప్పినవాళ్ళు మాత్రం మా ఆఫీసులో ఒక్కరూ లేరు. పక్కన చూశారు, వెనక చూశారు, వానలో దానికి గొడుగు పట్టగా చూశారు. పైన చూడలేదు. పొద్దున ఇంటి నుంచి ఆఫీసుకి తోసుకుంటూ వచ్చేవారు, సాయంత్రం ఆఫీసు నుంచి ఇంటికి తోసుకుంటూ వెళ్ళేవారు. తోపుడు బండి ఉన్నట్టే తోపుడు సైకిలు. ఆయన అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా వినిపించేది కాదు.

ఎందుకు ఎక్కరని అడిగితే ఒకటే జవాబు.

"తొక్కడం దేనికండీ, పాపం. నడిపిస్తే పోలా?"

ఆ పాపం సైకిలుకో, అడిగినవాళ్ళకో ఎవరికీ తెలిసేది కాదు.

నేను పల్లెటూరి బడిలో చదివి, డ్రాయింగు పరీక్ష ప్యాసై, ఆ సెక్షనులో పటాలకి నకళ్ళు గీసే ట్రేసరుగా చేరాను. మేడ మీద పొడుగాటి గది, ఏటవాలు బల్లలు, ప్రింట్లు తీసే మిషను దగ్గర కళ్ళు మండించే అమోనియా వాసన. మొదటి రోజే నా కలం నుంచి సిరా చుక్క పటం మీద పడింది. పక్క బల్ల నుంచి ఆయన లేచి వచ్చి, బ్లేడుతో సుతారంగా గీకేసి, "చెరువేమో అనుకున్నానమ్మా. ఎండిపోయిందిలే, పని చూసుకో" అన్నారు. ఆ రోజు నుంచి నాకాయన బాబాయ్ గారు.

ఆయన సైకిలు ఎందుకు ఎక్కరన్న దాని మీద సెక్షనులో తలకొక కథ ఉండేది. చిన్నప్పుడు సైకిలుతో సహా బావిలో పడ్డారని హెడ్డు గుమాస్తా గారు. అది మామగారి సైకిలు కాబట్టి ఎక్కితే మర్యాదగా ఉండదని ప్రింట్ల మిషనాయన. అసలు ఆయనకి తొక్కడమే రాదని మిగతా అందరూ.

ఎక్కకపోతే పోనీ, దాన్ని అశ్రద్ధ చేసేవారా అంటే అదీ లేదు. శనివారం శనివారం గాలి కొట్టించి, చైనుకి నూనె వేయించి, బ్రేకులు బిగింపించేవారు. సైకిలు షాపాయన ఒకసారి ఉండబట్టలేక అడిగాడట.

"బ్రేకులు దేనికి సార్? మీరు ఆగితే అదే ఆగుతుందిగా."

"నేను ఆగినా అది ఆగకపోతే?" అన్నారట ఈయన.

ఒక సాయంత్రం హెడ్డు గుమాస్తా గారు తన సైకిలెక్కి ఆయనకి తోడు బయల్దేరారు. బాబాయ్ గారి నడకకి సమానంగా తొక్కాలని నెమ్మది చేశారు. ఇంకా నెమ్మది చేశారు. చివరికి మా ఆఫీసువాళ్ళే తవ్వించిన కాలవలో పడ్డారు. బాబాయ్ గారు ఆయన్ని లేవదీసి, దుమ్ము దులిపి, "తొక్కితే అంతే కదండీ, పాపం" అని, కుడిచేత్తో ఒక సైకిలూ ఎడమచేత్తో ఒక సైకిలూ నడిపించుకుంటూ ఆయన్ని ఇంటిదాకా దిగబెట్టి వచ్చారు.

అలాంటి మనిషికి, ఊళ్ళో మొట్టమొదటి సైకిలు దారికి ప్లాను వేసే పని అప్పగించారు. ఆ ఉత్తర్వు వచ్చిన పూట సెక్షను సెక్షనంతా పని మానేసి నవ్వింది.

రైలు పట్టాల పక్కన, గూడ్సు బళ్ళని తప్పించి నిలబెట్టే పాత లైను ఒకటి ఉండేది. దాని పట్టాలు పీకేశాక మూడున్నర కిలోమీటర్ల జాగా కంకరతో, ముళ్ళపొదలతో ఖాళీగా పడి ఉంది. నడకకీ సైకిళ్ళకీ దారి వేసుకోమని రైల్వేవాళ్ళు మాకిచ్చారు. బాబాయ్ గారు టేపు పట్టుకుని, సైకిలుని వెంటబెట్టుకుని, వారం రోజులు దాన్ని కొలిచారు. నేను నోటుబుక్కుతో వెనకాల.

"ఇక్కడొక పెద్దావిడ కూర్చుని ఊపిరి తీసుకుంటుంది, అరుగు రాసుకో. ఇక్కడ పిల్లలు రైలుకి చెయ్యి ఊపుతారు, కంచె ఎత్తు తక్కువని రాసుకో. ఇక్కడ నీడుంది. ఊరికే రాసుకో."

ఆ నోటుబుక్కులో అంకెల కంటే మనుషులే ఎక్కువ. ఆ వారం తలుచుకుంటే ఇప్పటికీ ఎండకి కాలిన కంకర వాసన ముక్కుకి తగులుతుంది.

రిపోర్టులో ఆయన "సైకిళ్ళు నడిపించుకొను మార్గము" అని రాశారు. పెద్ద ఇంజనీరు గారు ఎర్ర పెన్సిలుతో దాన్ని కొట్టేసి "నడుపు" అని దిద్దారు. శుద్ధప్రతిలో మళ్ళీ "నడిపించుకొను" అనే వచ్చింది. ఇంజనీరు గారు పిలిపించారు.

"ఏమయ్యా, సైకిలేమన్నా చంటిపిల్లా, చెయ్యి పట్టుకుని నడిపించడానికి?"

"చెయ్యి కాదండీ, హ్యాండిలు."

అంతవరకు బాగానే నడిచింది. పీటముడి గోదాము దగ్గర పడింది. అక్కడ ఒక పక్క గూడ్సు గోదాము గోడ, ఇంకో పక్క రైల్వే కంచె. మధ్యలో రెండు మీటర్లు. అలా నూట ఎనభై మీటర్ల పొడుగు. రూల్సు పుస్తకం ప్రకారం ఆ రెండు మీటర్లూ సైకిళ్ళకే సరి, నడిచేవాళ్ళకి చోటుండదు. ఇంజనీరు గారు ఒక్క మాటలో తేల్చేశారు.

"ఆ ముక్క సైకిళ్ళకి వదిలేద్దాం. నడిచేవాళ్ళు పట్టాల మీది కాలివంతెనెక్కి అవతలికి దిగి, ముందున్న లెవెల్ క్రాసింగు దగ్గర ఇవతలికి వస్తారు."

వంతెనకి ఎక్కడానికి నలభై ఎనిమిది మెట్లు, దిగడానికి నలభై ఎనిమిది. వాటిని పటంలో గీసింది నేనే. నల్ల సిరాతో సన్నటి గీతలు. చక్కగా కుదిరాయని మురిసిపోయాను కూడా.

ఇంటికెళ్ళి అక్కకి చెప్పాను. మా అక్క గోదాము అవతలి కుట్టు కార్ఖానాలో పనిచేసేది. గుండీలు కుట్టాల్సిన చొక్కాల మూట సాయంత్రం ఇంటికి తెచ్చుకునేది. పొద్దున నేను ఆఫీసుకి తెమిలేలోపే ఆ మూట తీసుకుని పట్టాల పక్కనుంచి వెళ్ళిపోయేది. ఆమె కుడి మోకాలు అప్పటికే మొరాయిస్తోంది.

"ఎన్ని మెట్లన్నావు?"

"నలభై ఎనిమిది."

"నువ్వే గీశావటే?"

"నేనే."

"బాగానే గీసుంటావులే. ఆ దారి మూసేస్తే మాత్రం నేను పని మానుకోవాల్సిందే. ఈ మోకాలితో అన్ని మెట్లు నా వల్ల కాదు." అలా అని, గుండీ దారం పళ్ళతో తెంపి, ఇంకో చొక్కా అందుకుంది.

మర్నాడు బాబాయ్ గారికి చెప్పాను. ఆయన కలం కింద పెట్టి, నేను గీసిన మెట్లని వేలితో ఒక్కొక్కటే లెక్కపెట్టారు. ఆ మధ్యాహ్నం మీటింగులో లేచి నిలబడ్డారు. ఆయన సర్వీసులో అదే మొదటిసారని తర్వాత అందరూ అన్నారు.

"నూట ఎనభై మీటర్లేనండీ. అంతమేరా సైకిలువాళ్ళు దిగి నడిపిస్తే, అందరూ ఒకే దారిన పోవచ్చు. మెట్లక్కర్లేదు."

"దిగి నడిపించేవాడు ఈ లోకంలో ఎవడున్నాడయ్యా?"

గదిలో బాబాయ్ గారు కాక పద్నాలుగు మందిమి ఉన్నాం. పద్నాలుగు మందిమీ బాబాయ్ గారి వంక చూశాం. హెడ్డు గుమాస్తా గారు దగ్గు వచ్చినట్టు నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని బయటికి పోయారు.

"మీరు కాకుండా అంటున్నాను" అని సర్దుకున్నారు ఇంజనీరు గారు.

"రేపు పొద్దున ఎనిమిదిన్నరకి గోదాము దగ్గరకి దయచేయండి. ఇంకోసారి కొలుద్దాం. ఆ తర్వాత మీరెలాగంటే అలాగే."

"రేపే ఆఖరు. మళ్ళీ నన్ను విసిగించకూడదు."

ఆ సాయంత్రం దేవుడికి దణ్ణం పెట్టుకుంటూ ఏం కోరుకోవాలో తెలియక, స్వామీ, ఆ గోడ ఒక్క మీటరు పక్కకి జరుపు అని కోరుకున్నాను.

పొద్దున్న వెళ్ళి చూస్తే గోడ ఉన్నచోటే ఉంది. ఇంజనీరు గారు నలగని చొక్కాలో వచ్చారు. బాబాయ్ గారు "ఒక్క నిమిషం ఇది పట్టుకోండి" అని తన సైకిలు ఆయన చేతిలో పెట్టి, టేపు ఒక కొస నాకిచ్చి, రెండో కొసతో కంచె వైపు వెళ్ళారు. అంతలోనే కార్ఖానా ఆడవాళ్ళు వచ్చారు. ముప్పై మంది ఉంటారు. అందరి చేతుల్లో మూటలు. ముందు మా అక్క.

నేను నోరు తెరిచేలోగా అక్క తన మూట క్యారియరు మీద పెట్టి, అలవాటైన చేత్తో తాడు బిగించింది. ఇంకొకామె హ్యాండిలుకి అటొక సంచీ ఇటొక సంచీ తగిలించింది. మరొకామె తన మూట సీటు మీద కూర్చోబెట్టింది.

"ఏంటన్నయ్యా, ఇవాళ సైకిలు ఈయనకిచ్చావు?" అంది వాళ్ళలో పెద్దావిడ.

"కొలత పని పడిందమ్మా" అన్నారు బాబాయ్ గారు, టేపు మీద నుంచి తల ఎత్తకుండా.

"సరే, పదండి బాబూ. తొమ్మిదికి గేటు మూసేస్తారు."

నేనెవరో తెలుసా అన్నట్టు చూశారు ఇంజనీరు గారు. వాళ్ళకి తెలియదు, తెలుసుకునే తీరికా లేదు. ఒక పక్క గోడ, ఇంకో పక్క కంచె, వెనక ముప్పై మంది. వదిలేస్తే సైకిలు పడిపోతుంది, ఎక్కుదామంటే సీటు ఖాళీ లేదు. తోశారు.

"గట్టిగా పట్టుకోండి. కొత్తా?"

"కొత్తేనమ్మా."

"కొంచెం మెల్లగా. ఈ పిల్లకి మోకాలు నొప్పి."

ఆయన మెల్లగా నడిచారు. ఎదురుగా పాలాయన ఒకడు సైకిలు తొక్కుకుంటూ వచ్చాడు. ఇంతమందిని చూసి, ఎవరూ చెప్పకుండానే దిగి, కంచె వారగా తోసుకుంటూ వెళ్ళిపోయాడు. ఇంజనీరు గారు వెనక్కి తిరిగి అతను కనబడినంతసేపూ చూశారు.

"రోజూ ఈయనే తోస్తారా ఇవన్నీ?" అని అడిగారు.

"నేను కార్ఖానాలో చేరిన నాటి నుంచీ" అంది పెద్దావిడ. "అన్నయ్యకి పాపం సైకిలు రాదు. ఎటూ ఊరికే తోసుకుపోయేదే కదా అని పెడుతున్నాం. లేకపోతే ఒక మనిషిని రోజూ ఇలా కష్టపెడతామా?"

కార్ఖానా గేటు దగ్గర మూటలన్నీ దించుకున్నారు. మా అక్క ఇంజనీరు గారి నుదుటి చెమట చూసి, "రేపు కూడా మీరేనా బాబూ?" అని అడిగింది.

ఆయన నా చేతిలో పటం తీసుకుని, సైకిలు సీటు మీద పరిచి, ఎర్ర పెన్సిలుతో నా మెట్లన్నిటినీ ఒక్క గీతకి కొట్టేశారు. నా గీతలు కొట్టేసినందుకు నేను దేవుడికి దణ్ణం పెట్టుకున్నది ఆ ఒక్కసారే.

ఏడాదికి దారి తయారైంది. ప్రారంభం ముందు రోజు సాయంత్రం ఆఖరి తనిఖీకి బాబాయ్ గారూ నేనూ వెళ్ళాం. నున్నటి దారి, సాగి సాగి లెవెల్ క్రాసింగు దాకా ఒక్క మనిషి లేడు. ఆయన ముందుకి చూశారు, వెనక్కి చూశారు. "టిఫిను బాక్సు పట్టుకోమ్మా" అని నా చేతికిచ్చారు.

ఎక్కారు.

అలా ఇలా కాదు. నాలుగు తొక్కుళ్ళు తొక్కి, రెండు చేతులూ వదిలేసి, జేబుల్లో పెట్టుకుని, రివ్వున పోయి, ఆ చివర వంగి గుండ్రంగా తిరిగి వచ్చి నా ముందు ఆగారు. బ్రేకులు భేషుగ్గా పనిచేశాయి.

"బాబాయ్ గారూ, మీకు..."

"మీ అక్కకి చెప్పకమ్మా" అన్నారు, ఊపిరి తీసుకుంటూ. "రేపటి నుంచి మూట తనే మోసుకుపోతుంది."

నేను చెప్పలేదు. ఇన్నేళ్ళయినా, ఆయన మాట వచ్చినప్పుడల్లా మా అక్క అంటూనే ఉంటుంది: "అంత పెద్ద దారి గీశాడు, పాపం, అన్నయ్యకి సైకిలొక్కటీ రాలేదే."