జీరో టికెట్ వెనక రాసిన ఆధారాలు

పొద్దుగాల పేపర్ ఏసే ఆయనతోటి ఇయ్యాల మల్ల కొట్లాట పెట్టుకున్న. రోజూ వచ్చే పేపర్ అయిపోయిందట, దాని బదులు ఇంకోటి ఏసి పోయిండు. ఫోన్ చేసి అడిగితే, "వార్తలన్నీ గవే కదా మేడం, ఏ పేపరైతేంది" అన్నడు. వార్తలు ఎవరికి కావాలయ్యా? అవి టీవీల మొన్ననే చూసిన. నాకు కావాల్సింది లోపలి పేజీల కింద మూలకుండే పదకేళి. ఆ గళ్లు నింపకపోతే నాకు చాయ్ తాగినట్టే ఉండదు. ఇగ చెప్పులేసుకొని వనపర్తి బస్టాండ్ దాకా నడిచిపోయి, నా పేపర్ నేను కొనుక్కొచ్చుకొని, వాకిట్ల కుర్చీ ఏసుకొని కూసున్న. పైన "నేటి అంశం: ప్రయాణం" అని ఉన్నది. అడ్డం ఒకటి చదివిన్నో లేదో, నాగర్‌కర్నూల్ బస్సు, ఆ మూడో వరస సీటు, కిటికీ పక్కన కూసునే మా చెల్లె, అన్నీ ఒక్కసారి గుర్తుకొచ్చినయి. గళ్లు పక్కకు పెట్టి ఇది రాస్తున్న.

చెల్లె అంటే తోడబుట్టిన చెల్లె కాదు, బస్సు చెల్లె. ఆమె సంగతికి వస్త గాని, ముందుగాల నా సంగతి జర చెప్పాలె. ముప్పై మూడేండ్లు పిల్లలకు తెలుగు చెప్పిన. సర్వీసంతా బడిల పుస్తకం మాటలు మాట్లాడిన. రిటైర్ అయినంక గూడ గట్లనే మాట్లాడాలంటె నాతోని కాదు. ఇది మా వనపర్తి మాటలనే రాస్త, తప్పులు పట్టేటోళ్లు పట్టుకోండ్రి. చివరి పదేండ్లు నా బడి బిజినేపల్లి దిక్కు ఉండె. పొద్దున ఏడు నలభైకి వనపర్తిల బస్సు ఎక్కితే బిజినేపల్లిల దిగేది. ఆ బస్సులనే నా పదకేళి అయిపోవాలె. ఊరు దాటక ముందే సగం గళ్లు నింపుతుంటి. పక్కసీటోళ్లు తొంగి చూస్తె కాయితం ఇంకా జర ఎత్తి పట్టుకుంటుంటి, మంచిగ కనపడాలెనని. గర్వం లేదని చెప్తె అబద్ధమైతది.

మా పేపర్ల పదకేళికి రోజుకో అంశం ఉంటది. ఒకరోజు పంటలు, ఒకరోజు చుట్టరికాలు, ఒకరోజు ఆకాశం. అంశం తెలిస్తె సగం పని అయినట్టే అని కొత్తోళ్లు అనుకుంటరు. తయారుచేసేటాయన గంత అమాయకుడేం కాదు. "పంటలు" అని పైన పెట్టి జొన్నలు, కందులు అడగడు. కల్లం అడుగుతడు, పరిగె అడుగుతడు. ఆధారం చదివి, గళ్లు లెక్క పెట్టి, అడ్డం మాటకు నిలువు మాట ఏ అక్షరం కాడ తగులుతదో చూసి రాయాలె. జవాబులు మరునాటి పేపర్ల గాని రావు. ఆ ఒక్కరోజు ఓపిక పట్టుడే నాకు చాత కాకపోతుండె, అందుకే అన్నీ నేనే నింపేదాన్ని.

ఆడోళ్లకు బస్సు ఫ్రీ అయినంక మా ఏడు నలభై బస్సుల కాలు పెట్టనీకి జాగ ఉండకపోతుండె. పల్లి బుట్టలు, టిఫిన్ డబ్బాలు, కాలేజీ పిల్లల సంచులు, మల్లెపూల వాసన, డీజిల్ వాసన, అన్నీ కలిసి ఒకటే ఉక్క. గా జనంల ఒక రోజు, నల్ల బురఖ, చేతుల ఫైలు, ముప్పై రెండు, ముప్పై మూడేండ్లుంటయి, ఒకామె నా పక్కన ఇరుక్కొని కూసున్నది. నా పేపర్ దిక్కే చూస్తున్నది. రెండు రోజులు చూసింది. మూడోరోజు, "మేడం, ఇది ఎట్ల నింపుతరో నాకు జర చెప్తరా?" అని అడిగింది. మాట చూస్తె ఖడక్ మా పాలమూరు తెలుగే. పుట్టింది గద్వాల, అబ్బకు గాజుల దుకాణం. చదివింది మాత్రం పదో తరగతి దాక ఉర్దూ మీడియం. పెండ్లయి వనపర్తికొచ్చింది. భర్త నాగర్‌కర్నూల్‌ల సర్కారు ఆఫీసుల పనిచేస్తుండంగనే కాలం చేసిండు. ఆయన జాగల ఈమెకు నౌకరి ఇచ్చిండ్రు. ఇంట్ల అత్త, ఒక బిడ్డ, ఈమె. ఇంకో దిక్కు లేదు.

ఆ నౌకరికి ఒక మెలిక ఉండె. తెలుగు పరీక్ష పాసు కావాలె. రెండుసార్లు రాసింది, రెండుసార్లు తప్పింది. మూడోసారి గూడ తప్పితే ఇగ నౌకరి ఉండదని ఆఫీసుల చెప్పిండ్రట. "మాట్లాడుడు అయితే ఎవ్వరికీ తీసిపోను మేడం. కాయితం మీద చూస్తె నా తెలుగు నాకే తెల్వదు" అన్నది. నవ్వుకుంట చెప్పింది గాని ఫైలు పట్టుకున్న వేళ్లు బిగుసుకొని ఉన్నయి. "నా పక్కన కూసో. ఆర్నెల్లల నిన్ను పండితురాలిని చేస్త" అని గట్టిగ హామీ ఇచ్చిన.

హామీ ఇచ్చుడు అల్కగనే ఉంటది. ఆనాటి అంశం ఆకాశం. "పగటిని చేసేవాడు, అయిదక్షరాలు" అని ఆధారం. నేను "దినకరుడు" అని రాసి, "అంటే భాస్కరుడన్నట్టు, ప్రభాకరుడు, అర్థమైందా?" అన్న. తలకాయ ఊపింది. గిట్ల రెండు నెలలు నేను వివరించుకుంట పోయిన, ఆమె తలకాయ ఊపుకుంట వచ్చింది. ఒకరోజు నేను దిగనీకి లేస్తుంటె వెనక సీటు ముసలామెను మెల్లగ అడుగుతున్నది, "ఆ మేడం చెప్పేది మన సూరీడు గురించేనా అవ్వా?" అని. నాకు ఇనపడ్డది. సూర్యుడు అని ఒక్క మాట అంటే నా నోటి ముత్యాలేం రాలిపోకపోతుండె. అది అప్పుడు తోచలే, పైంగ ఆమె మీదనే కోపమొచ్చింది.

ఆ కోపం ఇంకా లోపల ఉండంగనే ఇంకోటి జరిగింది. ఫ్రీ బస్సుల ఆడోళ్లకు పైసలు లేకుండ ఇచ్చే జీరో టికెట్లు ఆమెకు పారేసే అలవాటు లేకుండె. వాటి వెనక తెల్లగుంటది కదా, అండ్ల సన్నగ ఏదో రాసి ఫైలుల పెట్టుకుంటుండె. ఒకరోజు టికెట్ కింద పడితే తీసి చూసిన. నిన్నటి పదకేళి జవాబులు, ఇయ్యాల్టి పేపర్ల అచ్చయినవి, అన్నీ ఉన్నదున్నట్టు ఎక్కించి ఉన్నయి. నాకు ఒళ్లు మండింది. "జవాబులు చూసి రాసుకునుడు చదువు కాదమ్మా, దొంగతనం. బడిల అయితే బెంచి ఎక్కిస్తుంటి" అన్న. మెల్లగ అన్ననా? బస్సంత ఇనేటట్టు అన్న. కండక్టర్ గూడ వెనకకు మర్లి చూసిండు. ఆమె మొఖం కిటికీ దిక్కు తిప్పుకున్నది. మరునాడు ఆమె బస్సుకే రాలే, ఆ సీట్ల ఇంకెవరో కూసున్నరు. తర్వాత మూడు రోజులు ఆమె వెనక వరసల నిలబడే వచ్చింది, నా దిక్కు చూడలే.

నాలుగో రోజు, బస్సుల నింపి తెచ్చి స్టాఫ్ రూంల పెట్టిన నా పాత పేపర్లు సదురుతుంటె వాటి మడతలకెళ్లి ఆమె టికెట్ ఒకటి జారి పడ్డది. నాకు చూపిద్దామని పెట్టి ఉంటది, చూపించే సందు నేనే ఇయ్యలే. వెనక దిక్కు తిప్పి చూస్తె జవాబుల కింద వంకర టింకర అక్షరాలతోటి ఇంకేదో రాసి ఉన్నది. "నిరీక్షణ: డ్రైవర్ చాయ్ తాగి వచ్చేదాక బస్సుల మనం చేసేది." "గడప: అత్త కూసుంటే ఎవ్వరూ దాటలేనిది." "అనుమతి: అడవిల పుట్టినోళ్లు అడవిల కట్టె ఏరనీకి అడగాల్సింది." ఈ చివరిది అడవి దిక్కు మన్ననూర్‌కు పోయే ఒకామె బస్సుల చెప్పుకొని బాధపడ్డ సంగతి. నేను గూడ ఆ బస్సులనే ఉంటి, నేనేం రాసుకోలే. కింద ఇంకోటి ఉండె. "ఓపిక: టీచరమ్మల కాడ ఉండాల్సింది, మా మేడం కాడ లేనిది."

ఒక్కదాన్నే కూసొని పక్కున నవ్విన. నవ్వినంక సిగ్గైంది, మామూలు సిగ్గు కాదు, అన్నం సయించలే. మరునాడు ఏడింటికే బస్టాండుకు పోయి ఆమె కోసం నిలబడ్డ. తప్పయిందని చెప్పుడు నాకు పుట్టుకతోటే రాదు. ఆమె రాంగనే, "గడపకు రాసిన ఆధారం బాగున్నది, నువ్వే రాసినవా?" అన్న. ఔనన్నట్టు తలకాయ ఊపి, "పరీక్షల జవాబు నా కండ్ల ముందరనే ఉంటది మేడం" అన్నది. "మాట వాళ్లే ఇస్తరు. దాని గురించి సొంతంగ నాలుగు ముక్కలు రాయమంటరు. రెండుసార్లు నేను పోయింది గాడనే. మీరు ఆధారంకెళ్లి మాట కాడికి వస్తరు, నాకు మాటకెళ్లి ఆధారం కాడికి పోవుడు కావాలె."

అరే, ఇంత సీదా ముచ్చట రెండు నెలలల్ల నేను అడగనే లేదే! ముప్పై మూడేండ్లు చెప్పిన పంతులమ్మను, నీకు రానిదేందమ్మా అని ఒక్కనాడు అడగలే. ఆ రోజుకెళ్లి మా పని తిరగబడ్డది. నిన్నటి జవాబులు తీసుకొని ఆమె ఆధారాలు రాస్తది, జవాబు మీద వేలు పెట్టి మూస్తది, నేను చెప్పాలె. నేను చెప్పగలిగితే ఆమె రాసింది పాసు. చెప్పలేకపోతే మల్ల రాయాలె. వెనక అవ్వలు, కాలేజీ పిల్లలు గూడ జవాబులు చెప్పబట్టిరి. నేను చెప్పలేనిది ఒక పల్లి బుట్టామె చెప్తె బస్సంత ఒకటే నవ్వు. ముందుగాల నాకు నామోషీ అనిపించింది, పోంగ పోంగ మజా అనిపించింది. పరీక్షల పాలమూరు మాట రాస్తె దిద్దేటోళ్లు ఒప్పుకుంటరో లేదో అని ఆమెకు భయం. "సంగతి నీదే ఉండని. చేసుడు, పోవుడు అన్నకాడ చేయడం, పోవడం అని రాయి. చివర్లు మారుస్తె చాలు" అని దారి చూపెట్టిన. అదొక్కటి మాత్రం నేను ఖరారుగ నేర్పిన.

పరీక్ష ఇంకా పది రోజులుందనంగ అంశం బంధాలు వచ్చింది. ఆమె టికెట్ నా చేతికిచ్చి కిటికీలకెళ్లి చూస్తున్నది. "దండెం మీద ఒక అంగి తక్కువ ఉండడం. నాలుగక్షరాలు." నేను చదివి టికెట్ బోర్ల పెట్టిన. జవాబు తెల్వక కాదు. పక్కన పిల్లలు "ఏంది మేడం, ఏంది" అని అడుగుతున్నరు. "ఎడబాటు" అన్న. ఏడుపొచ్చింది, కొంగు అడ్డం పెట్టుకున్న. "కరెక్టేనా అక్కా నేను రాసింది?" అని అడిగింది. అక్కా అనుడు అదే మొదలు. "దానికి దిద్దేదేం లేదు" అన్న. ఆ మాట నేను ఏ పిల్ల నోట్‌బుక్కుల గూడ రాయలే.

పరీక్ష అయిపోయింది. ఆ నెలనే నా రిటైర్మెంటు గూడ అయింది. శాలువా కప్పిండ్రు, ఫోటోలు దిగిండ్రు, ఇంటికొచ్చిన. ఇంట్ల కూసున్నంక ఏడు నలభై అయితే చాలు, పానం బస్టాండ్ దిక్కు గుంజుతుండె. రిజల్ట్ ఎప్పుడొస్తదో తెల్వదు. "ఫోన్ చేసి అడగకు అక్కా, నేనే వచ్చి చెప్త" అని ముందే మాట తీసుకున్నది. అడగకుండ ఉండుడు ఎంత కష్టమో నాకెరుక. ఫోన్ చేతులకు తీసుకునుడు, పెట్టుడు. మల్ల తప్పితే ఆ అత్త, ఆ బిడ్డ, ఈ పిల్ల ఏం తింటరు అని ఒకటే రంది.

ఒక శనివారం పొద్దు గూకంగ వాకిలి తలుపు చప్పుడైంది. ఆఫీసుకెళ్లి సీదా వచ్చినట్టున్నది, మొఖమంత చెమట. "ఏమైంది? చెప్పు!" అన్న. ఏం చెప్పకుంట చేతులున్న పేపర్ నా ఒళ్లె పెట్టింది. ఆనాటి పదకేళి. అన్ని గళ్లు నీలం పెన్నుతోటి నిండి ఉన్నయి. "ఎవ్వర్ని అడగలే అక్కా. మొత్తం నేనే. బిజినేపల్లి రాకముందే అయింది" అన్నది. "ఇది సరే తల్లీ, రిజల్ట్ ఏమైంది?" అని కేకేసిన.

"అదా? పాసైన. అది వచ్చి మూడు రోజులైంది. రోజూ మూడో నాలుగో గళ్లు మిగులుతుండె, ఇయ్యాల్నే మొత్తం నిండింది. నిండినంకనే నీ కాడికి రావాలె అనుకున్న."

మూడు రోజులు! నోటికొచ్చినట్టు తిట్టిన. నీకు బుద్ధి ఉన్నదా, ఇక్కడ ఒక ముసల్ది కండ్లు కాయలు కాసేటట్టు చూస్తున్నదన్న సోయి ఉన్నదా అని తిడుతుంటె ఆమె నవ్వుతున్నది, నేను ఏడుస్తున్న. తిట్టి తిట్టి అలిసిపోయి, లోపలికి పోయి రెండు చాయ్‌లు పెట్టుకొచ్చిన. ఆమె తాగుకుంట చెప్తున్నది, నౌకరి పక్కా అయిందని, ఇంటికి పోంగనే అత్త గట్టిగ పట్టుకొని ఏడ్సిందని, బిడ్డ బడిల అందరికీ చెప్పుకొచ్చిందని. నేను ఇనుకుంటనే గళ్లు చూస్తున్న. నిలువు తొమ్మిదిల ఒక మాట తప్పు. చెయ్యి దానంతటదే బల్ల మీది ఎర్ర పెన్ను దిక్కు పోయింది. గుంజుకున్న. చాయ్ మొత్తం తాగి కప్పు కింద పెట్టినంకనే ఆమెకు చెప్పిన. తప్పు కండ్ల ముందర పెట్టుకొని ఒక చాయ్ అయ్యేదాక ఆగేటంత టైము ముప్పై మూడేండ్ల సర్వీసుల నాకు ఒక్కనాడు గూడ దొరకలే, రిటైర్ అయినంకనే దొరికింది.