రిజిస్టరు ఎక్కని పేర్లు

మందు ఇచ్చినవాళ్ల పేర్లే రిజిస్టరులో రాయాలన్నది నర్సు రోసమ్మ పట్టుదల. ఆమెది రాజమండ్రి వైపు. బన్సీలాల్‌పేట్ సర్కారు దవాఖానాలో పద్దెనిమిదేళ్లుగా పనిచేస్తోంది. కొత్తలో ఒకసారి పేర్లకూ మాత్రలకూ పొంతన కుదరక సంజాయిషీ రాసుకుంది. ఆ భయం ఇంకా పోలేదు. మాత్రలు నిండుకున్న నెలల్లోనూ జనం వచ్చేవారు. బీపీ చూసి, వాళ్లు తెచ్చిన ఏ కాగితం మీదో రాసి, తేదీ వేసి సంతకం పెట్టి పంపేది. ఆ పేర్లు మాత్రం రిజిస్టరు ఎక్కేవి కావు.

2002లో, నిధులు చాలవు కనుక జనం తక్కువగా వచ్చే దవాఖానాలను ఎత్తేస్తామన్నారు. చూడ్డానికి వచ్చిన అధికారి కామరాజు రిజిస్టరు తిప్పాడు.

"రోజుకి పదకొండు మందేనా సిస్టర్? దీనికి బడ్జెట్ ఎట్లా అడగను?"

"మందుల్లేనప్పుడు వచ్చినవాళ్లని రాయలేదండీ. తప్పు నాదే."

"నోటిమాట ఫైల్లో పెట్టలేను కదా. సోమవారం రిపోర్టు పంపాలి."

గుమ్మం దగ్గర కూర్చున్న పూలమ్మే ఎల్లమ్మ అంతా వింది. సారు వెళ్లాక లేచింది.

"నువ్ రాయకుంటే ఏమాయె సిస్టరమ్మా? మా తాన ఉన్నయి గద."

మర్నాడు దవాఖానా తెరిచేసరికి వరండా నిండిపోయింది. రేషన్ కార్డు కవర్లలోంచి, బియ్యం డబ్బాల్లోంచి తీసిన కాగితాలు. చర్చి క్యాలెండరు వెనక, పెళ్లికార్డు అంచున, కరెంటు బిల్లు మీద రోసమ్మ రాత.

"ఇవన్నీ ఎందుకు దాచారే?"

"సంతకం పెట్టినవ్ గద. సర్కారు కాయితం ఎవలన్న పారేస్తరా? నీ రాత ఏందో గాని, సారుకు జెర నువ్వే చదివి చెప్పు."

రోసమ్మ నవ్వబోయింది, కళ్లు తుడుచుకుంది.

పాత రిజిస్టరులో ఒక్క అక్షరం దిద్దలేదు. ఆదివారం ప్రార్థన అయ్యాక కూడా కూర్చుని, వేరే కాగితాల మీద తేదీల వారీగా ఎక్కించింది. సోమవారం కామరాజు కట్ట విప్పి ఒక్కో సంతకం చూశాడు. గడిచిన ఏడాది లెక్క రెండింతలు దాటింది. జనం తగ్గలేదు, మందులే రాలేదు అని రిపోర్టులో రాశాడు.

వానలు మొదలయ్యాక ఉత్తర్వు వచ్చింది. దవాఖానా ఉంటుంది, మందులు నెలనెలా వస్తాయి. రోసమ్మ కొత్త రిజిస్టరులో 'మందు లేదు' అని ఇంకో గడి గీసింది. ఎవరి కాగితాలు వాళ్లకు రెండు చేతులా తిరిగి ఇచ్చింది.

"ఇగ పారెయ్యనా?" అంది ఎల్లమ్మ.

"వద్దు, ఉంచు" అంది రోసమ్మ, ఆమె చేతికి బీపీ పట్టీ చుడుతూ.