వాళ్ల పుస్తకంలో నా ఫొటో

ఒక నర్సు తప్పు ఇంజెక్షన్ ఇచ్చి నా కూతుర్ని చంపింది. ఇక్కడ బర్మాలో నర్సులకు లైసెన్సులిచ్చే ఆఫీసులో ఫిర్యాదు చేసి రెండేళ్లయింది. ఈ రోజు మా ఊరు దలా నుంచి పడవెక్కి, నది దాటి మళ్లీ ఆ ఆఫీసుకు వెళ్లాను. 'ఈ ఏడాది మా ప్రగతి' అంటూ బల్ల మీద కొత్త పుస్తకాలు పెట్టారు. తెరిస్తే, 'ప్రజల ఫిర్యాదులు వింటున్నాం' అన్నచోట బెంచీ మీద కూర్చున్న నా ఫొటోయే!

అక్కడి తెలుగు గుమస్తా పిల్లను అడిగాను. "ఏటమ్మా, ఇది నేనే కదా? మరి నా పిల్ల కేసు ఏటైంది?"

"ఇంకా సూస్తన్నారు ఆంటీ. ఫొటో బాగొచ్చింది, ఓ బుక్కు అట్టుకెళ్లండి."

పది తీసుకున్నాను. ప్రతి ఫొటో కిందా 'ఈమె కూతురు చచ్చిపోయింది, జవాబు లేదు' అని రాసి మళ్లీ బల్ల మీదే పెట్టాను. ఆ నర్సు లైసెన్సు ఊడేదాకా రాస్తాను. నా బర్మా రాత వంకరటింకర. చక్కగా రాసేవాళ్లుంటే రేపు నాతో వస్తారా?