నాన్నమ్మ చెప్పిన కోట తలుపు

మొన్న ఆదివారం చర్చి నుంచి వచ్చాక మా మనవరాలు ఫోనులో స్కాట్లండు కోట ఒకటి చూపించింది; టిక్కెట్టు కొన్నవాళ్లను లోపల తిప్పుతూ గది గదికీ చరిత్ర చెబుతున్నారు. కోట పేరు వినగానే కళ్లజోడు సవరించుకుని ముందుకు జరిగాను. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు మా నాన్నమ్మ రంగూన్‌లో ఒక స్కాట్లండు దొరగారింట్లో ఆయాగా ఉన్నప్పుడు, దొరసాని తన పిల్లలకు చెప్పే ఆ కోట కథలన్నీ విని, మాకు తన సొంత ఊరి కబుర్లలా తెలుగులో చెప్పేది. శత్రువులు కోటను చుట్టుముట్టినప్పుడు బయట చిక్కుకుపోయిన తల్లీబిడ్డల కోసం కోట దొరసాని తలుపు తీయించిన కథంటే ఆవిడకు మరీ ఇష్టం.

ఇక ఎనభై ఎనిమిదిలో, బర్మా అంతా సైనిక పాలన మీద తిరగబడిన ఆ ఆందోళనల సంవత్సరం సంగతి మన వయసువాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. రంగూన్‌లోని తామ్వే పేటలో మా వీధి మొదట వెదురు కంచె కట్టి మగవాళ్లం వంతులవారీగా కాపలా కాసేవాళ్లం. నీళ్లలో విషం కలుపుతున్నారన్న పుకారు పుట్టగానే, దారిన పోయేవాళ్ల కోసం వీధిలో పెట్టే మంచినీళ్ల కుండలను కూడా లోపలికి తెచ్చేసుకున్నాం. ఒక సాయంత్రం, ఫెర్రీలు ఆగిపోయి నది అవతలున్న దలాకు తిరిగి వెళ్లలేకపోయిన బర్మా ఆవిడ ఒకామె, జ్వరంతో సోలిపోతున్న బిడ్డను భుజాన వేసుకుని కంచె దగ్గర నీళ్లడిగింది. చేతిలో చిన్న సీసా. అది బిడ్డ మందని ఆవిడ, విషమని మావాళ్లు. పైగా మనం ఇండియావాళ్లం, ఏదైనా జరిగితే అందరూ మన మీదే పడతారని మా నాన్న భయం. నాకూ భయమే, కర్ర గట్టిగా పట్టుకుని నిలబడ్డాను.

నాన్నమ్మ మంచినీళ్ల కుండను చంకనెత్తుకొచ్చి, వీధిలో కుండలు పెట్టే పాత బల్ల మీద పెట్టింది. ఆ తల్లికీ మన మీద అనుమానం ఉండొచ్చు కదా అని, అందరూ చూస్తుండగా ముందు తనే లోటాడు నీళ్లు తాగింది. తర్వాత కంచె సందులోంచి సీసా అందుకుని, మందు రెండు చుక్కలు నాలుక మీద వేసుకుని మావైపు తిరిగింది.

"ఏటర్రా అంత బయ్యం? చుట్టూ సిపాయిలున్నా ఆ దొరసాని కోట తలుపు తీసింది. మనం కంచె తియ్యలేమేటి?"

మా నాన్నే ముందుకొచ్చి కంచె తీశాడు. ఫెర్రీలు కదిలేదాకా ఆ తల్లీబిడ్డలు మా ఇంట్లోనే ఉన్నారు, జ్వరమూ తగ్గింది. ఆ తర్వాత సైన్యం చేతిలో దేశమే తలుపులు మూసుకున్న ఏళ్లలో, ఏమొచ్చినా రాకపోయినా దలా నుంచి మా ఇంటికి ఎండుచేపల బుట్ట మాత్రం వస్తూనే ఉండేది.

ఫోనులో గైడు చివరికొచ్చేసరికి, ముట్టడి సాగినన్నాళ్లూ ఈ కోట తలుపు ఒక్కసారీ తెరవలేదని గొప్పగా చెప్పాడు. మీ నాన్నమ్మ మీ అందరినీ భలే బురిడీ కొట్టించింది తాతా అని మనవరాలు నవ్వింది. నేనూ నవ్వాను. దొరసానే మార్చి చెప్పిందేమో అనుకోవచ్చు గానీ, బయటివాళ్ల కోసం తలుపు తీయించడం అచ్చంగా మా నాన్నమ్మ బుద్ధే. ఇప్పుడు మా వీధిలో ఇంటింటికీ ఇనుప గ్రిల్లులు, నీళ్లేమో సీసాల్లో కొనుక్కుంటున్నాం, కుండలు పెట్టే బల్ల ఎప్పుడో పోయింది. టిక్కెట్టు కొంటే ఆ కోట తలుపు ఇవాళ ఎవరికైనా తెరుచుకుంటుంది, చరిత్ర చెప్పడానికి గైడూ ఉన్నాడు. మా కంచె తెరుచుకున్న సాయంత్రం గురించి చెప్పడానికి ఈ వీధిలో నేనొక్కణ్ణే మిగిలాను.